పేరు దొరికింది, ఇక దొంగతో పనేముంది!

హైదరాబాద్‌లో ఉద్యోగం రావాలంటే రాతపరీక్ష, టెక్నికల్ రౌండ్, హెచ్‌ఆర్ రౌండ్ దాటాలని పిల్లలు చెప్పుకుంటారు. ఇంకో గండం ఉంది, దాని సంగతి ఎవరూ ఎత్తరు. దానికి సిలబస్ లేదు, అమీర్‌పేటలో కోచింగ్ లేదు. ఆఫర్ లెటర్ చేతికొచ్చి, పాత కంపెనీలో రాజీనామా ఇచ్చి, చుట్టాలకు స్వీట్లు పంచాక వస్తుంది. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటారు. అందులో తప్పడానికి మీరేమీ చెయ్యనక్కర్లేదు. మీ పేరున్న ఇంకో మనిషి ఎక్కడో ఏదో చేస్తే చాలు.

పద్ధతి బహు సులువు. జిల్లా కోర్టుల కేసుల వివరాలు ఈ-కోర్ట్స్ సైట్లో ఎవరికైనా కనిపిస్తాయి. పార్టీ పేరు, సంవత్సరం కొడితే ఆ పేరున్న కేసులన్నీ వరసగా దిగుతాయి. ఆ వరసలో ఉండేది కేసు నంబరు, ఇటొక పేరు, అటొక పేరు. తండ్రి ఎవరు, వయసెంత, ఏ ఊరు అన్నది తేలాలంటే ఎఫ్‌ఐఆర్ దాకా తవ్వాలి. మన పోలీసుల్ని ఎన్నయినా అనొచ్చుగానీ ఇందులో మాత్రం వాళ్ళు పద్ధతిగలవాళ్ళు. పేరు దగ్గర ఆగరు. తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం అన్నీ రాసుకుంటారు. వెరిఫికేషన్ కంపెనీకి అంత తవ్వితే గిట్టుబాటు కాదు. పేరు కలిసింది, రిపోర్టుకు ఎర్ర రంగు పడింది.

శ్రీనివాసరావు అనే కుర్రాడికి అలా పడిందనుకోండి. ఫోన్ సంభాషణ ఇలా నడుస్తుంది:

"మీ మీద చీటింగ్ కేసుంది సార్."

"నా మీద కాదు మేడమ్, ఆయనెవరో వేరే శ్రీనివాసరావు."

"అయుండొచ్చు సార్. కాదని ప్రూఫ్ పంపండి."

"నేను ఆయన్ని కాదని ప్రూఫ్ ఎవరిస్తారు మేడమ్?"

"అది మా పరిధిలోకి రాదు సార్."

అసలు శ్రీనివాసరావు మీద కేసును కోర్టు ఎప్పుడో కొట్టేసి ఉండొచ్చు కూడా. కొట్టేసిన కేసు సైట్లోంచి పోదు. అంటే, నిర్దోషి అని జడ్జిగారు వదిలేసిన మనిషి చెయ్యని నేరానికి, ఆ మనిషి కాని ఇంకో మనిషికి శిక్ష. ఇంత మెలిక మన సినిమా రచయితలకు కూడా తట్టలేదు.

ఈ పద్ధతి కనిపెట్టినవాడు తెలుగు ఊరు చూసి ఉండడు. మన దగ్గర తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. తాతకు నలుగురు కొడుకులుంటే నాలుగిళ్ళలోనూ ఆయన పేరే దిగుతుంది. ఇంటిపేరొకటి, ఊరొకటి, వయసులు కూడా అటూ ఇటూగా ఒకటే. ఆ నలుగురు వెంకటేశ్వర్లలో ఒకడు గట్టు తగాదాలో ఎవడి తలో పగలగొడితే మిగతా ముగ్గురూ మాధాపూర్‌లో ఎర్రబడాల్సిందే. ఊళ్ళో మాత్రం ఇబ్బందే లేదు. పెద్ద వెంకటేశ్వర్లు, మిల్లు వెంకటేశ్వర్లు, మిలట్రీ వెంకటేశ్వర్లు, అందరికంటే చిన్నవాడు బుజ్జి. అప్పు వసూలుకొచ్చిన వడ్డీ వ్యాపారి కూడా మిల్లాయన బాకీ మిలట్రీ ఆయన్ని అడిగిన పాపాన పోలేదు. చదువురాని వ్యవస్థ కదా, జాగ్రత్తగా ఉండేది.

పోనీ, ఇంత నష్టానికి ఓర్చుకుంటే అసలు దొంగైనా దొరుకుతాడా? సైట్లో ఉండేది కోర్టు గుమాస్తా కొట్టిన స్పెల్లింగు. శ్రీనివాస్‌ను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో మన టెన్త్ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. న్యూమరాలజీ ఆయన చెప్పాడని పేరులో ఒక అక్షరం పెంచుకున్న మోసగాడు పచ్చరంగుతో దర్జాగా లోపలికి వెళ్తాడు. జాతకం మారుతుందన్న ఆ జ్యోతిష్కుడి మాట ఇక్కడొక్కచోట నిజమైంది.

పేరును నమ్ముకుంటే పని జరగదని ఈ దేశానికి కొత్తగా తెలిసిందా? ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. ఆ ముద్రల్ని వర్గీకరించే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్ళలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు ఆధార్ కోసం పది వేళ్ళు, రెండు కళ్ళు ఇచ్చేశాం. ఇన్ని ఇచ్చాక కూడా ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి మనిషిని పట్టేది పేరుతోనే. పేరుతో వచ్చే చిక్కు ఎన్నికల సంఘానికీ తెలుసు. 2014 లోక్‌సభ ఎన్నికల్లో ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్‌లో బీజేపీ అభ్యర్థి చందూలాల్ సాహు మీద ఆయన పేరుతోనో, దాదాపు అదే పేరుతోనో పదిమంది దాకా పోటీకి దిగారు. మరుసటి ఏడాది నుంచి ఎన్నికల సంఘం ఓటింగ్ యంత్రం మీద అభ్యర్థుల ఫొటోలు పెట్టించింది. వెరిఫికేషన్ కంపెనీ దగ్గర ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు మొదటిరోజు నుంచే ఉంటాయి. అప్‌లోడ్ చెయ్యకపోతే ఫారం ముందుకు కదలదు మరి. అడగడం వరకే పాలసీ, చూడటం పాలసీ కాదు.

అమెరికాలో ఇలా ఉండదులే అని వీసా కోసం చిలుకూరులో ప్రదక్షిణలు చేసేవాళ్ళకు ఒక కబురు. 2011లో కాలిఫోర్నియాలో రామిరెజ్ అనే ఆయన కారు కొనబోయాడు. క్రెడిట్ రిపోర్టు చూసి షోరూమ్‌వాళ్ళు ఆయనకు కారు అమ్మం పొమ్మన్నారు. పేరు ప్రభుత్వ టెర్రరిస్టుల జాబితాతో కలిసిందట. ఆ రిపోర్టు ఇచ్చిన ట్రాన్స్‌యూనియన్ కంపెనీ పోల్చి చూసింది పేరు, ఇంటిపేరు మాత్రమే. ఆయన కంపెనీ మీద దావా వేశాడు. ఇలా తగులుకున్నవాళ్ళు ఆ దావాలో 8,185 మంది. 2021లో అక్కడి సుప్రీంకోర్టు 5–4తో తీర్పిస్తూ, రిపోర్టు బయటివాళ్ళకు చేరిన 1,853 మందికే నష్టపరిహారం అడిగే హక్కుందంది. మిగతా 6,332 మందిని టెర్రరిస్టులుగా అనుమానించిన ముక్క కంపెనీ లోపలే ఉండిపోయింది కాబట్టి వాళ్ళకు దెబ్బ తగల్లేదట. అయినా అక్కడ ఎంతోకొంత చురక ఉంది. ఉద్యోగుల వెరిఫికేషన్ చేసే హైర్‌రైట్ అనే సంస్థ చేత 2012లో 26 లక్షల డాలర్ల జరిమానా కట్టించారు. ఒకరి రికార్డు ఇంకొకరి రిపోర్టులో పెట్టారన్నది అందులో ఒక ఆరోపణ.

ఇక్కడ తప్పుడు ఎరుపుకు ఖర్చు లేదు. తప్పుడు పచ్చకైతే క్లయింటు పోతాడు. ఏ వ్యాపారి అయినా ఏ రంగు వాడతాడో చెప్పడానికి ఎంబీఏ అక్కర్లేదు. శ్రీనివాసరావు ఫీజు కట్టి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెస్తే, "ఇది పోలీసులిచ్చింది సార్, మా వెండర్ సిస్టమ్‌లో ఇంకా ఎరుపే ఉంది" అంటారు. ఈలోగా పాత ఉద్యోగం పోయింది, కొత్తది రాలేదు, ఫ్లాటు ఈఎంఐకి మాత్రం ఈయనే ఆ శ్రీనివాసరావని ఏ సందేహమూ లేదు.

కాబట్టి ఒక చిన్న కోరిక. రేపు ఎర్ర రిపోర్టు పంపేముందు ఆ వెరిఫికేషన్ కంపెనీ ఎండీగారి పేరు, దాన్ని నమ్మే హెచ్‌ఆర్ హెడ్‌గారి పేరు అదే సైట్లో అలాగే కొట్టి చూద్దాం. ఒక్క కేసు తగిలినా ఆ సాయంత్రమే జీతం ఆపేద్దాం. వాళ్ళు వాళ్ళు కాదని కాగితాలు తెచ్చుకున్నాక, కుర్చీ ఇంకా ఖాళీగా ఉంటే, మళ్ళీ మొదటి రౌండ్ నుంచి పిలుద్దాం.