తీసేశాం, ఇంకాస్త ఇవ్వండి!

ఉన్నది పీకేసి ధర తగ్గిస్తే పొదుపు. పీకేసి పెంచితే? సోనీ రెండూ చేసి చూపించింది. 2006లో 60 జీబీ ప్లేస్టేషన్ 3 (పీఎస్3) గేమ్ కన్సోల్ అమెరికాలో 599 డాలర్లు. మరుసటేడు వచ్చిన 40 జీబీ మోడల్లో పీఎస్2 ఆటలాడే వీలు ఎగిరిపోయింది, నాలుగు యూఎస్‌బీ పోర్టులు రెండయ్యాయి, మెమరీకార్డు స్లాట్లు మాయం. అయితే ధరా 399కి దిగింది కాబట్టి సరిపెట్టుకున్నాం. 2024 నాటి పీఎస్5 ప్రోకి ఆ మొహమాటమూ లేదు: విడుదలైనప్పుడు దాదాపు 700 డాలర్లు పోసినా డిస్క్ డ్రైవు రాలేదు. కావాలంటే మరో 80 అన్నారు. నిలబెట్టే స్టాండుకు ఇంకో 30. పెళ్లికి పిలిచి విస్తరికి డబ్బులడిగినట్టు!

2 టీబీ స్టోరేజీ ఇచ్చాంగా అంటారు, నిజమే. డిస్కులు వాడనివాడి నెత్తిన డ్రైవు ఖర్చెందుకన్నదీ సబబే. 2020లో డ్రైవు లేని పీఎస్5ను వంద తగ్గించి 399కే ఇచ్చినప్పుడు ఆ వాదన చెల్లింది. ప్రోలో డ్రైవున్న మోడలే లేదాయె, తగ్గింపు దేంతో పోల్చుకోవాలి? పైగా డిస్కయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, స్నేహితుడికివ్వొచ్చు. డౌన్‌లోడుకు ఆ భాగ్యం లేదు. పోనీ విడిగా డ్రైవు కొని బిగిద్దామా, కన్సోల్‌తో దాన్ని జత చేయడానికి ముందు ఇంటర్నెట్ ఉండాలి. చేతిలో డిస్కున్నా నెట్టు కావాలన్నమాట!