పెంచీద్దాం షావుకారు గారూ!

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసేవారికి ఆడిటరు, లారీ ఆఫీసు, వెబ్‌సైటు కుర్రాడు తప్పనిసరి. ఆడిటరు లాభం తగ్గిస్తాడు, లారీ ఆఫీసు కిరాయి పెంచుతుంది, మనవాడు మెమరీ పెంచుతాడు.

అతనికి తెలిసిన మందు అదొక్కటే. ఆర్డరు పడకపోయినా, ఆఖరికి ప్రింటరు కదలకపోయినా “లిమిట్ సాల్లేదండీ, పెంచీద్దాం” అంటాడు. ఎర్రర్‌ని చివరిదాకా చదవడం అతనికి నామోషీ. 134217728 బైట్లు అయిపోయాయని చూసి షావుకారు గాభరాపడతాడు గాని, అది ఉత్త 128 ఎంబీ. సైటు నడిచే పీహెచ్‌పీలో ఎవరూ ముట్టుకోకపోతే ఉండే పరిమితి అదే. మనవాడు ముట్టుకున్నాడు. 256 చేశాడు. దసరాకి 512. దీపావళి ఆర్డర్ల ముందు ఏకంగా మైనస్ ఒకటి. అంటే ఇక హద్దు లేదని.

హద్దు లేకపోయేసరికి ఒక్క పేజీ కూచుని సర్వర్ ర్యామంతా తినేసింది. అలాంటప్పుడు లినక్స్ ఎవరో ఒకరిని బలి ఇచ్చి మిగతావాళ్లని బతికించుకుంటుంది. బాగా మెమరీ పట్టిన ప్రాణి కోసం వెతికితే, పాపం, చాలాసార్లు డేటాబేసే దొరుకుతుంది.

“ఏటి బాబూ, సైటంతా పోనాది!”

“మెమరీ ఎర్రర్ పోయింది కదండీ. ఇది డేటాబేస్ ఎర్రర్. ఇది వేరే.”

“మరి దీనికేటి సేస్తావు?”

“పెద్ద సర్వర్ తీసుకుందాం. జీడి పిక్కలు పట్టకపోతే పెద్ద బస్తా తెస్తాం కదండీ!”

ఉద్దానంలో పిక్కల బస్తా అంటే 80 కిలోలు. అందులో ముందు రాళ్లేమైనా ఉన్నాయేమో చూడాలని షావుకారుకి తెలుసు. కుర్రాడి మీద గౌరవం కొద్దీ ఊరుకున్నాడు.

రాళ్లు తీసింది టెక్కలిలో ఇంజినీరింగు చదువుతున్న షావుకారి మనవరాలు. సెలవులకొచ్చి లాగ్ ఫైలు తెరిచింది. ఫైలు పేరు, లైను నంబరు అందులోనే ఉన్నాయి. మనవాడు ఆ లైను చూసి “ఇందులో ఏం లేదు, మామూలు లైనే” అని గెలిచినట్టు నవ్వాడు. నిజమే. మెమరీ నిండిపోయిన క్షణంలో ఆఖరి ముద్ద అడిగిన లైను అది. విందంతా లాగించింది అంతకు ముందరివాళ్లు. ఆ పిల్ల కోడులో ఆ లైనుకి పైకి వెళ్లి చూసింది.

అక్కడున్నవి జీడిపప్పు రకాల ఫొటోలు: డబ్ల్యూ 180, 210, 240, 320. పౌనుకి ఇంచుమించు ఎన్ని గుండు పప్పులు తూగుతాయో ఆ నంబరు. రకానికి బోలెడన్ని, షావుకారి మేనల్లుడు ఫోనుతో తీసినవి. ఒక్కో ఫైలు చూస్తే నాలుగు ఎంబీ. కానీ సైజు తగ్గించడానికి విప్పితే 4000 చుక్కల వెడల్పు, 3000 ఎత్తు, చుక్కకి నాలుగు బైట్లు: 4 కోట్ల 80 లక్షల బైట్లు! మనవాడి కోడు ఒకదాన్ని మెమరీలోంచి వదలకుండానే ఇంకోటి విప్పుతోంది. మూడో ఫొటోకే 128 దాటిపోయింది. ఫొటోలు ముందే చిన్నవి చేసి, ఒకటి ముగిశాకే రెండోది తెరిచేలా కోడు మార్చి, లిమిట్ మళ్లీ 128కే దించింది.

మనవాడేం చిన్నబోలేదు. “ఇది టెంపరరీ అండీ, సంక్రాంతికి మళ్లీ పెంచాలి” అని బిల్లు ఇచ్చి వెళ్లాడు.

మీ సైటుకీ ఇలాంటి కుర్రాడే ఉంటే, డబ్బులిచ్చే ముందు ఎర్రర్ లాగ్ ఎక్కడుందో చూపించమని అడగండి.