పది లక్షలకు దొంగ వాచీ కొనే పద్ధతి

సెకండ్‌హ్యాండ్ రోలెక్స్ కొని మోసపోవాలని మనసారా కోరుకునేవారు ముందుగా చేయాల్సిన పని చదువుకోవడం. యూట్యూబ్‌లో అరగంట చాలు. తేదీ గడి మీది చిన్న భూతద్దం అంకెను రెండున్నర రెట్లు చేసి చూపాలి, సెకన్ల ముల్లు గెంతకుండా జారుతూ పోవాలి, అద్దంలో ఆరో అంకె దగ్గర కంటికి ఆనీ ఆననంత కిరీటం గుర్తు ఉండాలి. ఈ పాఠం తడుముకోకుండా అప్పజెప్పగలిగితే మీరు సిద్ధమైనట్టే. ఎందుకంటే నకిలీ తయారుచేసేవాడు ఇదే పాఠాన్ని మీకంటే ముందే చదివాడు. అతనికి అది బతుకుతెరువు, మీకు ఆదివారం కాలక్షేపం. కొనేవాళ్లు ఏ గుర్తులు వెతుకుతారో ఆ గుర్తులనే అతను ముందుగా దింపుతాడు. కాబట్టి మీరు ఎన్ని గుర్తులు నేర్చుకుంటే అంత ధీమాగా మోసపోవచ్చు.

సెకన్ల ముల్లునే తీసుకోండి. ఇప్పటి చాలా రోలెక్స్‌లలో బ్యాలెన్స్ చక్రం గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది. అంటే ముల్లు సెకనుకు ఎనిమిది చిట్టి అడుగులు వేస్తుంది, మన కంటికి అది జారినట్టు కనిపిస్తుంది. ఒకప్పటి నాసిరకం నకిలీల్లో బ్యాటరీ మెషిన్ ఉండేది, ముల్లు సెకనుకో గెంతు వేసి దొరికిపోయేది. ఆ రోజుల్లో పుట్టిన పరీక్షను ఇప్పటికీ భక్తిగా పాటించండి. చైనాలో తయారయ్యే కొన్ని మామూలు ఆటోమేటిక్ మెషిన్లు కూడా అదే 28,800 వేగంతో నడుస్తున్నాయన్న సంగతి పట్టించుకోకండి. ‘రోలెక్స్‌కు వెనక అద్దపు మూత ఉండదు’ అన్న సూత్రాన్నీ వదలొద్దు. 2023లో తెచ్చిన ‘1908’ అనే మోడల్‌కు ఆ కంపెనీయే అద్దపు మూత పెట్టింది, అయినా సూత్రం సూత్రమే.

ఇక డబ్బా, గ్యారంటీ కార్డు. వాచీనే అచ్చుగుద్దినట్టు దించగలిగినవాడికి అట్టడబ్బా, ప్లాస్టిక్ కార్డు చేతకావని గట్టిగా నమ్మండి. కార్డు మీది సీరియల్ నంబరు, వాచీ మీది నంబరు కలిశాయని మురిసిపోండి. రెండింటినీ చెక్కింది ఒకడే అయినప్పుడు కలవక ఏం చేస్తాయి? ఆ నంబరు నిజంగా రోలెక్స్ ఇచ్చినదే కావచ్చు కూడా. ఎవరో నెట్‌లో పెట్టిన అసలు వాచీ ఫొటో నుంచి ఎత్తుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

ధర విషయంలో దయగల మనసు ఉండాలి. అమ్మేవాడు ‘అర్జెంటుగా డబ్బు కావాలి, అందుకే సగానికి ఇస్తున్నా’ అంటే కళ్లు చెమర్చాలి. షోరూముల్లో అడిగిన వెంటనే దొరకని స్టీలు మోడళ్లు చాలాకాలంగా బయట అసలు ధర కంటే ఎక్కువకే అమ్ముడుపోతున్నాయి. నిజంగా డబ్బు అవసరమైన మనిషి ఏ డీలర్ దగ్గరికి వెళ్లినా సగం కంటే చాలా ఎక్కువే వస్తుంది. అది వదులుకుని మీ కోసమే ఎందుకు వెతుక్కుంటూ వచ్చాడని మాత్రం అడగకండి, బేరం చెడుతుంది.

‘ఈ తంటాలన్నీ దేనికి, నిపుణులున్న పెద్ద వేలం సంస్థలో కొంటే సరి’ అని ఎవరైనా అనవచ్చు. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ 1957 నాటి ఒమెగా స్పీడ్‌మాస్టర్‌ను వేలం వేసింది. లక్షా ఇరవై వేల స్విస్ ఫ్రాంకులు దాటదనుకున్నది 31 లక్షలు దాటింది. ఎండకు గోధుమరంగుకు మారిన దాని డయల్‌ను చూసి సేకర్తలు పరవశించారు. 2023లో అసలు విషయం బయటపడింది: వేర్వేరు పాత వాచీల భాగాలు, చాలావరకు అసలైనవే, తెచ్చి కూర్చిన అతుకుల బొంత అది. కొన్నది ఎవరనుకున్నారు? తన మ్యూజియం కోసం ఒమెగా కంపెనీయే. ఇందులో తన మాజీ ఉద్యోగుల హస్తం ఉందని కూడా ఆ కంపెనీ చెప్పింది. (మన దేశంలో ఈ విద్యకు చౌక శాఖ ఒకటుంది. పాత స్విస్ వాచీలకు, హెచ్ఎంటీలకు కొత్త రంగుల డయళ్లు వేసి ‘వింటేజ్’ పేరుతో అమ్ముతారు. సేకర్తలు వాటిని ‘ముంబై స్పెషల్’ అంటారు.)

తయారుచేసిన కంపెనీయే మోసపోతే ఇక పరీక్షలెందుకని నిట్టూర్చనక్కర్లేదు. వాచీలో కనిపించే ప్రతిదాన్నీ దించవచ్చు, దాని మంచిచెడ్డలకు పూచీపడే మనిషిని దించడం మాత్రం కష్టం. నకిలీ అమ్మేవాడు వెనక మూత తెరవనివ్వడు, సర్వీస్ సెంటర్‌కు రానంటాడు, ‘తేడా వస్తే డబ్బు వాపసు’ అని కాగితం రాసివ్వడు. మూత తీస్తే నీళ్లు దూరతాయని అంటాడు. అందులో కొంత నిజముంది, కానీ కొత్త రబ్బరు రింగు వేసి నీటి పరీక్ష చేయించడానికయ్యే ఖర్చు పది లక్షల బేరంలో లెక్కలోకి రాదు. 2022 డిసెంబరులో రోలెక్స్ తన పాత వాచీలను తానే పరీక్షించి, రెండేళ్ల గ్యారంటీతో ఎంపికచేసిన షోరూముల్లో అమ్మించడం మొదలుపెట్టింది. ధర కాస్త ఎక్కువే. ఆ ఎక్కువ ఇచ్చేది పూచీకి. మోసపోదలచినవారు అటువైపు పోకూడదు.

ఈ పద్ధతి నచ్చనివారు డబ్బు చేతులు మారకముందే అమ్మేవాడిని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. రానంటే కొనకండి. నచ్చినవారు కొన్నాక కూడా అక్కడికి వెళ్లొద్దు: నకిలీ అని తేలిన వాచీని వాళ్లు బాగుచేయరు.