పక్క సీట్లో సుబేదార్ గారు

నేను అబార్త్ పుంటోని. 2016లో పుణె దగ్గర రంజన్‌గావ్ ఫ్యాక్టరీలో పుట్టాను. ఇప్పుడుంటున్నది సికింద్రాబాద్ కార్ఖానాలో, మెయిన్ రోడ్డు మీంచి కాకాగూడ వైపు తిరిగే గల్లీలో, ఒక రెండంతస్తుల ఇంటి కింద. తెల్లటి ఒళ్ళు, పక్కల ఎర్ర చారలు, ముక్కు మీద తేలు బొమ్మ. గల్లీ పిల్లలు ఆ తేలును వేలితో తడిమి చూసి పోతుంటారు. వియన్నాలో పుట్టిన కార్ల్ అబార్త్ 1949లో ఇటలీలో రేసు కార్ల కంపెనీ పెట్టినప్పుడు, తన రాశి వృశ్చికం కాబట్టి దాన్నే గుర్తుగా పెట్టుకున్నాడు. 1971లో ఆ కంపెనీ ఫియట్ చేతికి వచ్చింది. 2015 అక్టోబరులో అదే తేలు గుర్తుతో పుంటో మన దేశంలో రోడ్డెక్కింది. ఢిల్లీ షోరూం ధర 9.95 లక్షలు. 1368 సీసీ టర్బో పెట్రోల్ ఇంజను, 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, అయిదు గేర్లు. ఆ గేర్లు మార్చాల్సింది మనిషే. నేను చెప్పదలచుకున్నదంతా ఆ గేర్ల సంగతే.

స్పోర్ట్స్ కారంటే రెండే సీట్లు, తెరుచుకునే కప్పు ఉండాలనేవాళ్ళున్నారు. ఆ లెక్కన గోవాలో తయారైన శాన్ స్టార్మ్ లాంటిదే స్పోర్ట్స్ కారు. నా పద్ధతి వేరు. మామూలు చిన్న కారు ఒంట్లో బలమైన ఇంజను, గట్టి సస్పెన్షన్, మంచి బ్రేకులు పెడితే నాలాంటిది తయారవుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు, డిక్కీలో బియ్యం బస్తా పడుతుంది. నెల జీతం మీద బతికే ఇంటికి అందే స్పోర్ట్స్ కారు ఇదేనని నా గట్టి నమ్మకం.

ఈ ఇంటి పెద్దాయన ఈఎంఈలో సుబేదారుగా రిటైరయ్యారు. ఈఎంఈ అంటే సైన్యంలో బండ్లు, ట్యాంకులు, తుపాకులు, రాడార్లు బాగుచేసే విభాగం. దాని పెద్ద కాలేజీ 1953 నుంచీ ఈ సికింద్రాబాద్‌లోనే, తిరుమలగిరి దగ్గర ఉంది. కార్ఖానా చుట్టుపక్కల కాలనీల్లో ఏ గల్లీలో చూసినా ఒకరిద్దరు మాజీ సైనికులు కనిపిస్తారు. ఆయన చిన్నమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లైసెన్సు ఎప్పుడో తీసుకుంది గానీ ఆ తర్వాత నడిపిందంతా అక్కావాళ్ళ ఆటోమేటిక్ కారే. మన దగ్గర కారు లైసెన్సు ఒకటే, గేరు బండైనా ఆటోమేటిక్ అయినా అదే చెల్లుతుంది. లండన్‌లో ఉన్న వాళ్ళన్నకి ఆ వీలు లేదు. ఆటోమేటిక్ మీద టెస్టు పాసైన మనిషి అక్కడ గేరు కారు నడపడానికి చట్టం ఒప్పుకోదు. "ఈ ట్రాఫిక్‌ల గేరు బండెందుకే" అని ఫోన్లో అడిగింది ఆయనే. 

అమ్మాయి జవాబు నాకింకా గుర్తే. "గేర్లు నేనే వెయ్యాలె అన్నా. ఊకె కూసొని పోవుడైతే క్యాబ్ ఉంది గద."

నా దగ్గరికి రాకముందు ఆమె చాలానే వెతికింది. 2004లో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ ఆమెకి ఇష్టం. 1.8 లీటర్ల టర్బో ఇంజను, చేత్తో వేసే గేర్లు. కాని సుఖంగా ఉన్న బండి దొరకడమే అరుదు. ఫోర్డ్ మస్టాంగ్, పోలో జీటీఐ 2016లో వచ్చాయి, రెండూ ఆటోమేటిక్కే. మా అబార్త్ కుటుంబంలోనే చూడండి, నాకన్నా కొద్ది నెలల ముందు దాదాపు 30 లక్షల ధరకి దిగిన అబార్త్ 595కి క్లచ్ పెడలే లేదు. దానిలో మూడో వంతు ధర ఉన్న నాకు ఉంది. ధర పెరిగేకొద్దీ గేర్ రాడ్ మాయమైపోవడం మన దేశపు వేగం కార్ల చరిత్రలో నాకు నచ్చని విషయం.

సుబేదార్ గారి మనసు మాత్రం హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ మీద ఉండేది. 2023 నుంచి అది మామూలు క్లచ్‌తో, ఆరు గేర్లతో వస్తోంది. "కొత్తది తీసుకోరాదు బిడ్డా. వారంటీ ఉంటది. వీళ్ళు కార్లు చేసుడే బంద్ పెట్టిన్రు" అన్నారు. మాట నిజమే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చేసరికే మన దేశంలో ఫియట్ పేరుతో కార్లు ఆగిపోయాయి. ఇంజను సామాను చాలావరకు లీనియా టీ-జెట్‌తో కలుస్తుంది కాబట్టి వెతికితే దొరుకుతుంది. బంపర్లు, లైట్లు, అద్దాలు పగిలితే మాత్రం తిప్పలే. నన్ను కొనాలనుకునే ఎవరికైనా ముందుగా చెప్పాల్సిన సంగతి ఇది. అమ్మాయి అన్నీ విని, "ముందు నువ్వు వచ్చి చూడు నాన్నా, నువ్వు వద్దంటే వద్దు" అంది.

ఆయన చూసిన తీరు అందరూ నేర్చుకోవాల్సింది. బేరానికి ఎప్పుడూ పొద్దున్నే రావాలంటారు. పాత కార్ల దుకాణంవాళ్ళకి ముందే ఫోన్ చేసి, తాము వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పారు. వస్తూనే బానెట్ మీద అరచెయ్యి పెట్టి, చల్లగా ఉందని ఖాయం చేసుకున్నారు. ముందుగా వేడెక్కించిన ఇంజను తన రోగాల్ని దాచుకోగలదు. స్టార్ట్ చేయించి తాను వెనక్కెళ్ళి సైలెన్సర్ దగ్గర నిలబడ్డారు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, టర్బో బండికి అది పెద్ద ఖర్చు. నాకు రాలేదు. తర్వాత టార్చిలైటు పట్టుకుని నేల మీద పడుకున్నారు. నేను మామూలు పుంటో కన్నా కిందికి ఉంటాను, నేలకీ నా కడుపుకీ మధ్య 155 మిల్లీమీటర్లే. స్పీడ్ బ్రేకర్లు గీరిన గుర్తులు ఎక్కడెక్కడ, ఎంత లోతున ఉన్నాయో వేలితో తడిమి చూశారు. రోడ్డు మీదికి తీసుకెళ్ళాక పై గేరులో నెమ్మదిగా పోనిస్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కించారు. ఇంజను మోత పెరిగి, మీటర్లో ముల్లు పైకి లేచి, బండి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. నాలో రెండూ కలిసే పెరిగాయి. రెండో గేరు వేసేటప్పుడు గరగరమంటే లోపలి సింక్రో రింగులు అరిగినట్టు. అదీ లేదు. చివర్లో కాగితాలు. ఆర్సీ, ఇన్సూరెన్సు, బ్యాంకు లోను తీరినట్టు ఎన్‌ఓసీ, పెండింగ్ చలాన్లు. అన్నీ చూశాక కూతురి వైపు తిరిగి "ఇంజను మంచిగుంది. మనిషే నేర్చుకోవాలె" అన్నారు.

మొదటి పాఠం తాళంచెవి తిప్పకుండానే జరిగింది. ఆయన పక్క సీట్లో కూర్చుని రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి చూపించారు. "ఇంజను తిరుగుతనే ఉంటది బిడ్డా. చక్రం ఆగి ఉంటది. ఈ రెండిటి నడుమ ప్లేటు ఉంటది. ఒక్కసారే అతికితే ఇంజను బంద్ అయితది. మెల్లగ రాసుకుంట అతకాలె." రెండు అరచేతులూ ఒకదానికొకటి రాసుకుంటూ దగ్గరకొచ్చి కలిసిపోయాయి. క్లచ్ గురించి ఇంతకన్నా బాగా చెప్పిన మనిషిని నేను చూడలేదు.

తర్వాత చాలా పొద్దులు యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వలేదు. ఇంజను వేసి, మొదటి గేరులో పెట్టి, ఎడమ కాలు మాత్రమే కొద్దికొద్దిగా పైకి తియ్యాలి. నా క్లచ్ కాస్త బరువు. ఒకచోట ప్లేటు పట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడు నా గొంతు కొంచెం దిగుతుంది, మీటర్లో ముల్లు వాలుతుంది, బానెట్ సన్నగా వణుకుతుంది. అక్కడ కాలు ఆపితే యాక్సిలరేటర్ లేకుండానే చదును నేల మీద పాకుతూ కదులుతాను. ఆ చోటు ఒక్కో బండికి ఒక్కో ఎత్తులో ఉంటుంది, పుస్తకం చెప్పలేదు, కాలే కనుక్కోవాలి. ఆమె కాలు తొందరపడినప్పుడల్లా నేను ఒక్క కుదుపుతో ఆగిపోయేదాన్ని. వెనక ఆటోవాళ్ళు హారన్ కొట్టేవాళ్ళు. "కొట్టనియ్. నువ్వు దాని చప్పుడు విను" అనేవారు ఆయన.

ఎక్కు మీద ఆగి కదలడం ఆ గల్లీ చివరే నేర్పారు. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచు, క్లచ్ పట్టేదాకా తియ్యి, వెనక భాగం కొంచెం కుంగినట్టు అనిపించాక కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి బ్రేక్ దించు. వెనక్కి జారతానన్న భయం పోయిన రోజున ఆమె భుజాలు మొదటిసారి కిందికి దిగాయి. స్టీరింగ్ పట్టిన చేతుల్లోంచి నాకది తెలిసింది.

ఇక ట్రాఫిక్. కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి మా ముందు నుంచే వెళ్తుంది. జూబ్లీ బస్టాండులో బయల్దేరిన కరీంనగర్ బస్సులు, తిరుమలగిరి, అల్వాల్ వైపు వెళ్ళే బండ్లు ఎక్కువగా కార్ఖానా మీంచే పోతాయి. ప్యారడైజ్ దగ్గర్నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. అది అందుబాటులోకి వచ్చేదాకా సాయంత్రం పూట ఈ రోడ్డు మీద గేరు కారు నడపడం కష్టమే, దాన్ని దాచడం నాకిష్టం లేదు. లండన్ అన్న అడిగిన ప్రశ్న న్యాయమైందే. సుబేదార్ గారు దానికి ఇచ్చిన మందు ఏమిటంటే, ముందు బండికీ మనకీ జాగా వదలాలి. అది నాలుగడుగులు కదిలినప్పుడల్లా మనం కదలకూడదు. ఆగితే న్యూట్రల్‌లో పెట్టి కాలు పూర్తిగా తియ్యాలి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచేవాళ్ళు, హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టేవాళ్ళు ప్లేటును తమ చేతులారా కాల్చుకుంటున్నారు.

అసలు సంగతి శామీర్‌పేట రోడ్డు మీద జరిగింది. ఆదివారం తెల్లవారుజామున హకీంపేట దాటాక, మలుపు ముందు మూడో గేరు నుంచి రెండుకి దించమన్నారు. ఆమె దించి క్లచ్ వదిలింది. నేను ముందుకు విసిరినట్టు కుదిపాను. "ఇట్ల కాదు" అని ఆయన తన శక్తిమాన్ రోజులు చెప్పడం మొదలుపెట్టారు. జబల్‌పూర్‌లో తయారైన ఆ మిలిటరీ లారీలకు డబుల్ డీక్లచ్ చెయ్యక తప్పేది కాదు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదిలి ఒక్కసారి యాక్సిలరేటర్ ఇవ్వాలి, మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వెయ్యాలి. గేరు పళ్ళు రెండూ ఒకే వేగంతో తిరిగితేనే కలుస్తాయి, లేకపోతే కొరుక్కుంటాయి. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చాక ఆ వేగాల్ని కలిపే పని బండి లోపలి రింగులు చూసుకోవడం మొదలైంది. నాలోనూ ఉన్నాయి, కాబట్టి గేరు పడటానికి అంత శ్రమ అక్కర్లేదు. కాని కింది గేరులో చక్రాలకి సరిపడేంత వేగంగా ఇంజను తిరగకపోతే, క్లచ్ వదలగానే ఆ తేడా అంతా కుదుపుగా బయటికొస్తుంది. అందుకే క్లచ్ కిందనే ఉండగా కుడి కాలితో యాక్సిలరేటర్ ఒక్కసారి తట్టి, ఇంజనును పైకి తెచ్చి, అప్పుడు వదలాలి.

ఆమె చేసింది. నా గొంతు ఒక్క క్షణం లేచింది, రెండో గేరు పడింది, క్లచ్ వచ్చింది, కుదుపు లేదు. ఏమీ జరగనట్టే మలుపు తిరిగాను. "అట్లా" అన్నారాయన. లారీల మీద ఆయన కాలు నేర్చిన విద్య తేలు బొమ్మ బండిలో కూతురి కాలికి చేరింది. నాకు తెలిసిన సంతోషాల్లో అంతకన్నా పెద్దది లేదు.

నా టర్బో గురించి ఒక మాట. ముల్లు 2000 దగ్గరికి వచ్చేదాకా నేను నెమ్మది మనిషినే. అది దాటితే 212 న్యూటన్ మీటర్ల బలం ఒక్కసారి ముందు చక్రాల మీద పడుతుంది. ఆ సమయంలో స్టీరింగ్ రెండు చేతుల్లో గట్టిగా ఉండాలి. గట్టిగా నడిపాక వెంటనే ఆపెయ్యకుండా కాసేపు ఇంజనును ఊరికే తిరగనివ్వాలి, టర్బోకి ఆయిల్ అంది చల్లబడాలి. ఇక ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి గరిష్ఠ వేగం గంటకి 120. తేలు బొమ్మ ఉందని ఆ గీత నాకు జరగదు. పదిమంది నడిచే రోడ్డు మీద రేసులు పెట్టేవాళ్ళని నేను డ్రైవర్లుగా ఒప్పుకోను. అంత సరదా ఉంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. అమ్మాయి చూసొచ్చింది. ఆ కరెంటు కార్లలో మార్చడానికి గేర్లే లేవు. రోడ్డు మీది కరెంటు కార్లూ దాదాపు అంతే, కొన్నాళ్ళకి క్లచ్ పెడల్ ఉన్న కొత్త కారు దొరకడమే కష్టమవుతుంది. పాత లారీలు, జీపులు, అంబాసిడర్లు నడిపిన చేతులకూ వయసు మీద పడుతోంది. మీ ఇంట్లో అలాంటి నాన్న, తాత, మేనమామ ఎవరున్నా ఒక ఆదివారం పొద్దున పక్క సీట్లో కూర్చోబెట్టుకోండి. ఆడపిల్లలైనా మగపిల్లలైనా సరే, ఆయన దగ్గర గేర్లు నేర్చుకోండి.