ముద్దాయి: నడుంనొప్పి

ఈ దేశంలో పట్టపగలు నలుగురి ముందు కత్తి దూసినవాడు కూడా నేరం రుజువయ్యేదాకా నిర్దోషే. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే సర్కారే పెట్టిస్తుంది. అంతా విన్నాక ఆవగింజంత అనుమానం మిగిలినా ఆ లాభం ముద్దాయికే. ఈ మర్యాదలేవీ వర్తించని ముద్దాయిలు ఒక రకం ఉన్నారు. నెలల తరబడి, ఏళ్ల తరబడి నొప్పి తగ్గనివాళ్లు. వాళ్లు క్లినిక్ గడప తొక్కగానే అభియోగం సిద్ధం: లేని నొప్పిని ఉన్నట్టు నటించుట. రుజువు భారం పూర్తిగా వాళ్లదే. కోర్టు ఫీజు ముందే కట్టాలి, కౌంటర్లో.

విచారణ ఎలా జరుగుతుందో చూడాలంటే వేలూరు జిల్లా గుడియాత్తంలో బీడీలు చుట్టే ఏ అక్కనైనా బోనులో నిలబెట్టండి. ఒళ్లో చేట, చేటలో ఆకూ పొగాకూ. పొద్దున కూర్చుంటే మెడ వంచి దీపాలు పెట్టేదాకా అదే కూర్చోవడం. కూలి వెయ్యి బీడీల లెక్కన, కాబట్టి మధ్యలో నడుం వాల్చిన ప్రతి నిమిషం సొంత ఖర్చే. ఆ అక్క ఒకరోజు కూలి వదులుకుని, బెంచీ మీద మూడు గంటలు కూర్చుని, చివరికి డాక్టరు ముందుకు వచ్చింది.

"ఏమ్మా, ఏం ప్రాబ్లం?"

"రాత్రంతా ఒకటే సలుపు సార్. లేచి నిలబడితే పోటు. కాలి వెంబడి కిందిదాకా లాగుతుంది, అరికాల్లో చీమలు పాకినట్టు..."

ఆమె కథ అరికాలికి చేరేలోపే చీటీ మీద తీర్పు పడిపోయింది: ఎల్‌బీఏ. లో బ్యాక్ ఏక్ అనే మూడు మాటలు రాయడానికి కూడా తీరిక లేని జబ్బు ఇది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేళ్లయింది సార్."

"ఆరేళ్లా? ఈపాటికి అలవాటైపోయుండాలే!"

ఇక శిక్ష. కింద కూర్చోవద్దు. ముందుకు వంగొద్దు. బరువులు ఎత్తొద్దు. టెన్షన్ పడొద్దు. రెస్టు తీసుకో. కింద కూర్చోవద్దన్నది బీడీలు చుట్టే ఆమెకు. వంగొద్దన్నది నాట్లు వేసే ఆమెకు. బరువులు ఎత్తొద్దన్నది మూటలు మోసే హమాలీకి. ఎక్కువసేపు నిలబడొద్దన్నది ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడే పిల్లకు. అందరికీ కలిపి చెప్పిందేమిటంటే, బతకడం మానేస్తే నొప్పి తగ్గుతుందని. వైద్యశాస్త్రపరంగా అందులో తప్పేమీ లేదు.

2017లో 67 దేశాల లెక్కలు కూర్చి ఒక అధ్యయనం అచ్చయింది. ఊళ్లో డాక్టరు ఒక్కో రోగితో ఎంతసేపు గడుపుతాడన్నది విషయం. స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. మన దగ్గర అటూ ఇటుగా రెండు నిమిషాలు. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లేనట, కాబట్టి మనం తలెత్తుకు తిరగొచ్చు. ఇందులో డాక్టరును ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. గది బయట బెంచీల నిండా జనం, ఆయనకూ కుర్చీ నుంచి విడుదల లేదు. కానీ రెండు నిమిషాల్లో తేలని కేసును రెండు నిమిషాల్లో తేల్చేసి, తేలకపోవడం రోగి తప్పని రాసే అధికారం ఆయనకు ఎవరిచ్చారు?

శుక్రవారం అదే జిల్లాలోని ఒడుగత్తూరు సంతకు రండి. అక్కడ మేకను కొనేవాడు ముందు నడుం మీద చెయ్యి వేస్తాడు. వెన్నుకు అటూ ఇటూ కండ నొక్కి చూస్తాడు. పెదవి ఎత్తి పళ్లు లెక్కపెడతాడు. నాలుగడుగులు నడిపించి ఏ కాలు ఈడుస్తోందో పసిగడతాడు. మేకకు మాటలు రావు కాబట్టి చేతులతో అడుగుతాడు. మన అక్క చేసిన పొరపాటల్లా నోరు తెరిచి మాట్లాడటమే. మాట్లాడింది కాబట్టి ముట్టుకోనక్కర్లేదు. మాట్లాడింది ఆడమనిషి కాబట్టి విననూ అక్కర్లేదు. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు కోసం చిత్తూరు దాటి జనం ఇప్పటికీ బస్సులెక్కుతున్నారంటే అది మూఢనమ్మకమని కొట్టిపారేసే పెద్దలు ఒక్కటి మరిచిపోతారు. అక్కడ కనీసం దెబ్బ తగిలిన చోట ఎవరో ఒకరు చెయ్యి వేస్తారు.

మనిషి వాంగ్మూలం చెల్లదు కాబట్టి ఇప్పుడు సాక్షిని పిలుస్తారు. సాక్షి పేరు ఎమ్మారై. రేటు వేలల్లో ఉంటుంది, తాళిబొట్టు తాకట్టు పెడితే వస్తుంది. స్కానులో డిస్కు ఉబ్బినట్టు కనిపించిందా, కత్తి సిద్ధం. కనిపించలేదా, కేసు కొట్టివేత: "అంతా నార్మలే అమ్మా, మనసే బాగోలేదు." ఇంతకీ ఈ సాక్షి ఎంత నమ్మకస్తుడు? ఏ నొప్పీ లేనివాళ్ల వెన్నెముక స్కానులు పోగుచేసి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బి కనిపించింది. అంటే హాయిగా తిరిగేవాళ్ల ఫిల్ములోనూ ఉబ్బు ఉంటుంది, మెలికలు తిరిగేవాళ్ల ఫిల్ము శుభ్రంగానూ ఉండొచ్చు. ఏ కోర్టులోనైనా ఇలాంటి సాక్షిని జడ్జి బయటికి పంపేస్తాడు. మన దగ్గర మాత్రం సాక్షిని ఉంచుకుని ముద్దాయిని పంపేస్తారు.

ఇంటికొస్తే అప్పీలు కోర్టు. "మేం ఏడుగురిని కని, నూతిలో నీళ్లు తోడి, దంపుళ్లు దంచాం. ఏ నడుంనొప్పీ ఎరగం" అని అత్తగారు కింది కోర్టు తీర్పును ఖాయం చేస్తుంది. ఆమె గోడ పట్టుకుని లేస్తూ చెబుతుందీ మాట.

నొప్పి మీద పనిచేసే శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం ఒకటుంది. అది 1979 నాటి నిర్వచనాన్ని 2020లో తిరగరాస్తూ, నొప్పి ఎప్పుడూ ఆ మనిషి సొంత అనుభవమేనని, నొప్పిగా ఉందని ఎవరైనా చెబితే ఆ మాటను గౌరవించాలని రాసుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టీలో 2022 నుంచి దీర్ఘకాలిక నొప్పికి సొంత పద్దు కూడా ఉంది. మన చట్టానికి ఈ కబురు ఇంకా అందలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆ జాబితాలో దీర్ఘకాలిక నొప్పి లేదు. రాయితీలకు 40 శాతం వైకల్యం చూపాలి. నొప్పికి కొలబద్ద లేదు, కొలబద్ద లేనిదానికి శాతం లేదు, శాతం లేనిదానికి కార్డు లేదు, కార్డు లేనివాడికి ఏ నొప్పీ లేదు.

సర్కారుకు దయ లేదంటే మాత్రం ఒప్పుకోను. ఉంది, రాబందుల మీద ఉంది. పశువులకు నొప్పి తగ్గాలని డైక్లోఫెనాక్ ఇచ్చేవారు. ఆ పశువులు చచ్చాక కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు చెడి, మూడు జాతులు 90 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వం 2006లో పశువులకు ఆ మందు ఆపించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు దొడ్డిదారిన పశువులకు చేరుతున్నాయని తెలిసి, 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించింది. మంచి పని. ఇక అదే మందు మన అక్కకు ఎలా అందుతోందో చూడండి. తుంటికి ఒక సూది. అది దిగిపోగానే మందుల షాపులో "అన్నా, ఒంటినొప్పికి సెట్టివ్వన్నా" అంటే కాగితం మడతలో పసుపుది ఒకటి, గులాబీది ఒకటి, తెల్లది ఒకటి. పేరుండదు, చీటీ ఉండదు, ఎన్నాళ్లు మింగాలో చెప్పేవాడుండడు. ఇలాంటి మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆమె కిడ్నీ మీద పర్యావరణ శాఖకు ఆసక్తి కలగాలంటే, ముందు ఆమెను ఏదైనా రాబందు తినాలి.

నడుంనొప్పి ఇలా ఉంటే, క్యాన్సరు నొప్పి ఇంకో కోర్టు. అందులో ముద్దాయి రోగి ఒక్కడే కాదు, మందు కూడా. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. పట్టుబడితే పదేళ్లు లోపల వేస్తారన్న భయంతో ఆసుపత్రులు నల్లమందు నుంచి తీసే మార్ఫిన్‌కు దణ్ణం పెట్టేశాయి. 1997కల్లా దేశం మొత్తం వాడకం 97 శాతం పడిపోయి 18 కిలోలకు చేరింది. తమాషా ఏమిటంటే సర్కారు లైసెన్సుతో నల్లమందు పండించే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో గసగసాల పంట, నీమచ్‌లో, ఘాజీపూర్‌లో సర్కారీ ఫ్యాక్టరీలు. ఘాజీపూర్ ఫ్యాక్టరీ చుట్టూ తిరిగే కోతులు అక్కడి వ్యర్థాలు తిని మత్తుగా పడుకుంటాయని పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. కోతి లైసెన్సు అడగలేదు కాబట్టి దానికి నొప్పి తగ్గింది. 2014లో చట్టం సవరించి మార్ఫిన్ లాంటి ఆరు మందులకు దారి సులువు చేశారు. అయినా 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క కడితే, మన అవసరంలో రోగులకు అందుతున్నది 4 శాతం.

బీడీ అక్కకు మార్ఫిన్ రాయమని ఎవరూ అడగడం లేదు. నడుంనొప్పులకు కూడా విచ్చలవిడిగా నల్లమందు మాత్రలు అమ్మి అమెరికా ఏమైందో లోకమంతా చూసింది. అడుగుతున్నది వ్యాయామం నేర్పేవాళ్లను, నరం పోటుకు సరైన మందును, నెలకోసారైనా "ఎలా ఉంది?" అని కుర్చీ చూపించే మనిషిని. వీటిలో ఏ ఒక్కటీ మాదకద్రవ్యాల చట్టం కిందికి రాదు. మరి ఎందుకు దొరకవు?

ఇదంతా ఏ మారుమూలో జరిగితే సరిపెట్టుకోవచ్చు. జరుగుతున్నది రాయవేలూరు నీడలో. నొప్పి అంటే ఏమిటో లోకానికి పాఠం చెప్పిన ఊరది. కొల్లిమలలో పుట్టిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1946లో వేలూరు వచ్చి, కుష్ఠు రోగుల వేళ్లు జబ్బు వల్ల వాటంతట అవి రాలిపోవని, నొప్పి తెలియకపోవడం వల్ల గాయాలై అరిగిపోతాయని తేల్చాడు. రాత్రికి రాత్రి వేళ్లు మాయమవుతుంటే కాపలా కాసి చూశారు. ఎలుకలు కొరుకుతున్నాయి, నిద్రపోతున్నవాడికి తెలియడం లేదు. మందుతో పాటు పిల్లిని కూడా ఇచ్చి పంపారట. నొప్పి ఒంటికి కాపలాదారు, అది చెప్పేది వినండి అన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. ఎవరూ కోరుకోని వరం అని నొప్పి మీద 1993లో పుస్తకమే తెచ్చాడు. ఆ వరానికి ఇప్పుడు ఒడుగత్తూరులో కరువు లేదు. వినేవాళ్లకే కరువు. కలకత్తా నుంచి రైళ్లు పట్టుకుని వేలూరు ఆసుపత్రికని కాట్పాడి స్టేషన్‌లో దిగే రోగుల కోసం వేలూరు లాడ్జీల మీద బెంగాలీ బోర్డులు వేలాడుతుంటాయి. ఒడుగత్తూరు పైన కొండ మీది మనిషికి మాత్రం 2023 నాటికి కూడా కిందికి దిగడానికే దారి సరిగ్గా ఉండేది కాదు. ఆ ఏడాది అక్కడి అల్లేరి కొండ మీద పాము కరిచిన పసిబిడ్డ ఆసుపత్రి చేరేలోపే చనిపోయింది. రోడ్డు లేని చోట అంబులెన్సు ఆగిపోతే, తల్లి బిడ్డ శవాన్ని చేతుల్లో మోసుకుంటూ కొండెక్కింది. ప్రాణం పోయే కేసుకే దారి లేని చోట, ప్రాణం తీయని నొప్పి ఏ కాగితంలోకి ఎక్కుతుంది?

చెయ్యడం రాదా అంటే, పక్కనే కేరళ చేసి చూపించింది. 1993లో కోళికోడ్‌లో కొందరు డాక్టర్లు, ఊరి జనం కలిసి మొదలుపెట్టిన ఉపశమన చికిత్స 2008కల్లా రాష్ట్ర విధానమైంది. తమిళనాడులో కూడా 2021లో కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం బీపీ, షుగరు మందులతో పాటు ఫిజియోథెరపీని, ఉపశమన చికిత్సను గుమ్మంలోకి తెస్తానంది. మాట మంచిది. ఆ వచ్చిన మనిషి రిజిస్టరులో టిక్కు పెట్టి పక్కింటికి పోకుండా పది నిమిషాలు కూర్చుంటే, పని కూడా మంచిదవుతుంది.

అందాకా కోర్టువారికి ఒకే మనవి. మాదకద్రవ్యాల చట్టంలో 35వ సెక్షను ఉంది. ముద్దాయి మనసులో నేరబుద్ధి ఉందని ముందే అనుకుంటుంది, లేదని వాడే రుజువు చేసుకోవాలి. గంజాయి మూటతో దొరికినవాడి కోసం రాసుకున్న ఆ న్యాయాన్ని మా డాక్టర్లు చట్టంలో లేకపోయినా నడుంనొప్పికి కూడా అమలు చేస్తున్నారు. తిరగేయండి. నొప్పి ఉందని ఆమె చెబితే ఉన్నట్టే లెక్క. లేదని రుజువు చేసే భారం మీది. చేతనైతే ముట్టుకుని, నడిపించి, విని రుజువు చెయ్యండి. చేతకాకపోతే జేబుదొంగకు రోజూ ఇచ్చే సంశయలాభాన్ని ఆమెకు ఒక్కసారి ఇచ్చి వైద్యం మొదలుపెట్టండి.