డుమువుల సార్

మారేడుపల్లిలో అపార్ట్‌మెంటన్నాక ఒక లిఫ్టు, ఒక వాచ్‌మన్, ఒక తెలుగు సార్ ఉండి తీరాలి. లిఫ్టు అప్పుడప్పుడు ఆగుతుంది, వాచ్‌మన్ అప్పుడప్పుడు కనిపిస్తాడు. సార్ మాత్రం ఆగరు, కనిపించకుండానూ పోరు.

ఈ రకం సార్లు బళ్లో పాఠాలు చెప్పి వచ్చినవాళ్లు కారు. మా సార్‌నే తీసుకోండి. రైల్ నిలయంలో ముప్ఫై అయిదేళ్లు ఇంగ్లీషులో నోటింగులు రాసి, రిటైరైన మర్నాడు లేచేసరికి తెలుగు పండితులైపోయారు. దానికి 2018 చట్టం తోడొచ్చింది. సీబీఎస్‌ఈ కానీ ఐసీఎస్‌ఈ కానీ, తెలంగాణ బళ్లలో తెలుగు నేర్పాల్సిందే అనేసరికి, "మావాడికి తెలుగు అస్సలు రాదండీ" అని మురిసిపోతూ చెప్పిన తల్లులే అదే మాట ఏడుపు గొంతుతో చెప్పడం మొదలుపెట్టారు. సార్ హాల్లో చాప పడింది.

సాయంత్రం అయిదున్నరకి మొదలు. "కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు" అని మెట్లన్నీ మోగిపోతాయి. బిర్యానీ పొట్లం తెచ్చిన కుర్రాడు కూడా 'కౌ' దాకా విని గానీ బెల్లు కొట్టడు. గుణింతం అయ్యాక విభక్తులు. డుమువులు అప్పజెప్పందే ఎవరినీ ఇంటికి పంపరు కనక పిల్లలు ఆయనకా పేరు ఖాయం చేశారు. తర్వాత ఒత్తులు. ఓ రోజు మూడో క్లాసు పిల్ల 'అక్క' అని రాయబోయి 'అక' అని రాసింది. సార్ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, "ఒత్తు లేకపోతే అక్కకి కాళ్లు లేనట్టే" అన్నారు. ఆ పిల్ల నాలుక కొరుక్కుని, దిద్ది పట్టుకొచ్చింది. 'క' కింద రెండు ఒత్తులు వేలాడుతున్నాయి.

"ఇదేమిటే?"

"కాళ్లు రెండు కదా సార్!"

సార్‌కి సంధులంటే ప్రాణం. చింతాకుని విడదీస్తారు, మిట్టమధ్యాహ్నాన్ని విడదీస్తారు, చివరికి పక్క ఫ్లాటు దంపతుల పేర్లను కలిపి రాసిన నేమ్‌ప్లేటును కూడా విడదీసి చూస్తారు. అలాంటి మనిషిని నాలుగో క్లాసు బుడ్డోడొకడు అడిగాడు: "సార్, సికింద్రాబాద్ ఏ సంధి?" సార్ గదిలోకి వెళ్లి చిన్నయసూరి బాలవ్యాకరణం తిరగేశారు. 1858 నాటి ఆ పుస్తకం లష్కర్ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదాయె. బయటికొచ్చి, "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు. నన్నడిగితే ఆ ప్రశ్నకి మార్కులెయ్యాలి. ఈ ఊరు పుట్టిందే సంధి వల్ల. 1798లో నిజాం ఇంగ్లీషువాళ్లతో సంధి చేసుకుంటే వాళ్ల పటాలాలు హుస్సేన్‌సాగర్ అవతల గుడారాలు వేశాయి. 1806లో సికిందర్ జా పేరు పెట్టారు. ఈ ఊరిని లష్కర్ అనేదీ ఆ దండు వల్లే.

వీధిలోకి వచ్చినా ఎర్ర పెన్ను జేబులోనే ఉంటుంది. టిఫిన్ సెంటర్ బోర్డు మీద 'మసాలా దోష' కనపడితే ఆకలి మరిచిపోతారు. "ఏమయ్యా, దోశ అంటే తినేది, దోషం అంటే తప్పు. నీ దోశలో దోషం ఉంది!" అని నలుగురి ముందూ అంటే, పాపం అతను కంగారుపడి పిండి వాసన చూసుకున్నాడు. పత్రికలవాళ్లు 'పెళ్లి' అని ళకు లావత్తు ఇస్తున్నారని ఆయనకి ఇంకో కోపం. ళకు ళావత్తు లేని శుభలేఖ వస్తే భోజనానికి వెళ్తారు గానీ చదివింపులు తగ్గిస్తారు.

ఇక రాయడం నేర్పడం. సార్ దగ్గర ఒకే సెలవు చీటీ ఉంది, "జ్వరము వచ్చినందున" అని. బిల్డింగులో పిల్లలు మేనమామ పెళ్లికి వెళ్లినా ఆ జ్వరంతోనే వెళ్తారు. వ్యాసమూ ఒకటే, ఆవు. ఇందాకటి బుడ్డోడు ఆవు మీద సొంతంగా రాశాడు: "ఆవు మోండా మార్కెట్ల ఉంటది. గోబీ ఆకులు తింటది. హారన్ కొట్టినా జరగదు." సార్ మూడు వాక్యాలూ కొట్టేసి పైన రాశారు: "ఆవు సాధు జంతువు. గడ్డి తినును. పాలు ఇచ్చును."

మొన్న ఆదివారం నేను మోండాలో బెండకాయలు ఏరుతుంటే వెనక కేక వినపడింది. సార్ చేతిసంచిలోంచి తోటకూర కట్ట సగం బయటికి, మిగతా సగం ఆవు నోట్లోకి పోయి ఉంది. ఆయన ఇటు లాగుతారు, అది అటు లాగుతుంది. "హట్! హట్! జరుగవే! పైసల్ పెట్టి కొన్ననే!" విభక్తులు లేవు, గ్రాంథికం లేదు. అసలు సిసలు లష్కర్ తెలుగు! ముప్ఫై అయిదేళ్లలో ఒక్క నోటింగులో కూడా అంత ధాటి ఉండి ఉండదు. ఆవు తాపీగా నమిలి, కొసరుగా సంచి చెవి కూడా నాకింది. తల్లి చెయ్యి పట్టుకుని మన బుడ్డోడు ఆద్యంతం చూశాడు. "నమస్తే సార్" అని కూడా అన్నాడు.

మర్నాడు వాడు బుద్ధిగా సార్ వాక్యాలే దిద్దుకుని తెచ్చాడు. "ఆవు సాధు జంతువు" దగ్గర ఎర్ర పెన్ను కాసేపు ఆగింది. టిక్కు పెట్టబోయి, మార్జిన్‌లో చిన్నగా "అన్నివేళలా కాదు" అని రాశారు. ఆ తర్వాత 'అన్ని వేళలా' అని విడదీసి రాయాలా, కలిపి రాయాలా అని అనుమానమొచ్చి, నిఘంటువు కోసం లోపలికి వెళ్లారు.