లోటు మోసే చేతులకు నమస్కారం

నంద్యాల జిల్లాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రాల టీచర్లకు ముందుగా చేతులెత్తి మొక్కుతున్నాను. పిల్లవాడు చొక్కా గుండీ తనంతట తాను పెట్టుకునేదాకా అదే గుండీ, అదే కాజా, నెలల తరబడి విసుగన్నది లేకుండా నేర్పుతారు. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి మరీ పాఠం చెబుతారు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు ఉద్యోగంలోనే ఉండి ఈ సేవ చేసినవారు వీళ్లలో ఎందరో.

సమగ్ర శిక్ష పథకంలో ప్రత్యేక అవసరాలున్న విద్యార్థికి ఏడాదికి గరిష్ఠంగా ఇచ్చేది 3,500 రూపాయలు. రోజుకు పది రూపాయలు కూడా పడదు. పరికరాలు, పుస్తకాలు, రాకపోకలు అన్నీ అందులోనే సర్దాలి. సర్దుతున్నవారి ఓర్పుకు జోహార్లు.

ఆళ్లగడ్డ వైపు తల్లులకు మరో నమస్కారం. ఎదిగిన బిడ్డను చంకన వేసుకుని, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం నంద్యాల బస్సెక్కుతారు. ఆ పూట కూలి పోతుంది, బిడ్డకు తోడుగా వెళ్లిన ప్రతిసారీ పోతూనే ఉంటుంది. అయినా మానరు.

ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లల చదువుకు చట్టం చెప్పినట్టు ఖర్చుపెట్టి స్థానిక కౌన్సిళ్లు కోట్ల పౌండ్ల లోటులో పడ్డాయి. ఆ లోటు ఖాతా పుస్తకాల్లో కనబడుతుంది, పార్లమెంటులో చర్చకొస్తుంది. మన లోటు తల్లి కొంగుముడిలో ఉంటుంది. ఏ ఆడిట్‌కూ అందదు.

చట్టాలనూ మెచ్చుకోవాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే 21 రకాల వైకల్యాలను గుర్తించి, 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ప్రాథమిక తరగతుల్లో పదిమందికి, పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. మంచి పనే. చట్టం వచ్చిన తొమ్మిదేళ్లకు, కోర్టు పదే పదే చెప్పాక జరిగిన మంచి పని.

ఈ టీచర్లనూ తల్లులనూ ఎంత పొగిడినా తక్కువే. కానీ వాళ్ల ఓర్పును ఇంతగా పొగడాల్సి రావడమే ప్రభుత్వాలకు నింద. ఆ పోస్టులన్నీ భర్తీ చేయండి. 3,500ను పిల్లల అవసరానికి తగ్గట్టు పెంచండి. తల్లి మోస్తున్న లోటును బడ్జెట్‌లోకి ఎక్కించండి.